చెత్తబండి మీద గొంతు

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. గుండ్లహట్టిలో ఆశా కార్యకర్త కృపాకుమారి దగ్గర మాత్రం ఆ సామెత అడ్డం తిరిగింది. చెప్పేదీ తనే, వినేదీ తనే, లోకువైపోయిందీ తనే.

పొద్దున ఏడింటికి పంచాయతీ చెత్తబండి వీధుల్లోకి వస్తుంది. దాని నెత్తిమీద మైకు. మైకులోంచి కృపాకుమారి గొంతు ఊరినంతా పలకరిస్తుంది.

"అమ్మా, అన్నా, అవ్వా! దగ్గు, జలుబు, జొరం వచ్చినాదా? వచ్చిన వెంటనే సూది ఏయించుకోవద్దండి. ఉడుకునీళ్లు తాగండి, ఆవిరి పట్టండి, రెండు దినాలు పని మానుకోండి. ఆయాసమొస్తే మాత్రం నిలబడొద్దండి, ఆస్పత్రికి రాండి. రెండు వారాలు దాటినా దగ్గు పోలేదంటే గల్ల, అదే కఫం, పరీక్ష చేయించుకోండి. దాచిపెట్టుకోవద్దమ్మా. మీకేం కాదు. నేనుండాను కదా!"

రెండు నెలల కిందట ఆస్పత్రి డాక్టరమ్మ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ఫోను నోటి దగ్గర పెట్టి ఈ మాటలు రికార్డు చేసుకుంది. రాసిచ్చిన కాగితం చదవమంటే కృపాకుమారి నాలుక మడతపడింది. విసుగొచ్చి కాగితం పక్కన పారేసి, పన్నెండేళ్లుగా ఇళ్లలో ఎలా చెబుతోందో అలాగే చెప్పేసింది. చివరి మాట కాగితంలో లేదు, ఆమె సొంతం. డాక్టరమ్మకు నచ్చింది కూడా అదే. బండి నడిపేది ఆమె మొగుడు రామాంజి. "ఇంట్లో వినేది చాలదని నీ గొంతును ఊరంతా తిప్పే పని పడినాది నాకు" అని మొదట్లో నవ్వేవాడు.

ఇప్పుడు నవ్వడం లేదు. కృపాకుమారికి దగ్గు పట్టుకొని ఆ రోజుకు పంతొమ్మిది రోజులు.

చెనక్కాయల కాలం అది. వేరుశనగ చెట్లు పీకి, కుప్పలేసి, కాయ తుంచే దినాలు. గాలి వీస్తే ఊరంతా ఎర్రదుమ్ము. ఎవరిని కదిపినా దగ్గే, ఎందుకని అడిగితే "చెనక్కాయ దుమ్ము" అనే జవాబే. ఆ దుమ్ము చాటునే ఆమె ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది. మూతికి మాస్కు, బుగ్గలో లవంగం, చేతిసంచిలో నీళ్ల సీసా. గొంతులో గరగర పుడితే ఒక గుక్క మింగి ఆపుకుంటుంది. ఆగనప్పుడు ఊరి బయట కంపచెట్ల చాటుకు పోయి, కడుపు పట్టుకొని దగ్గి, కళ్లు తుడుచుకొని ఏమీ ఎరగనట్టు తిరిగి వస్తుంది. తేలు కుట్టిన దొంగకు కూడా ఇంత యాతన ఉండదు. వాడిని ఒక్కసారే కుడుతుంది. సాయంత్రమైతే ఒళ్లు సన్నగా కాలుతోంది. రవికెలు వదులయ్యాయి. ఇవి దేని గుర్తులో ఊళ్లో అందరికంటే ఆమెకే బాగా తెలుసు, అదే ఆమె ఖర్మ.

"రెండు వారాలు దాటితే పరీక్ష అని నువ్వే చెప్తాండావు గదా. నేను దినామూ మోసేది ఆ మాటే" అన్నాడు రామాంజి ఆ పొద్దున, బండి తీయబోతూ.

"గల్ల పట్టే డబ్బీలిచ్చేది నేను, ఆస్పత్రికి తీసకపొయ్యేది నేను. నా డబ్బీ నేనే తీసకపోతే ఆడ అందురికీ తెలుస్తాది. ఆడ తెలిస్తే ఊర్లో చాటింపేసినట్టే."

"తెలిస్తే తెలవనీ."

"తిరుపాలమ్మను మర్చిపోతివా?"

రామాంజి బండి తాళం తీసుకున్నాడు.

తిరుపాలమ్మది రెండో వీధి. ఆరేళ్ల కిందట ఆమెకు ఈ దగ్గే వస్తే పరీక్ష చేయించి, క్షయ అని తేలితే ఆరు నెలలు దగ్గరుండి మందులు మింగించింది కృపాకుమారే. జబ్బు పూర్తిగా పోయింది. ఆ కాగితం తెచ్చి "ఇంక నువ్వు అందరి మాదిరే" అని చెప్పిందీ ఆమే. కాని తిరుపాలమ్మ లోటా కిటికీలో వేరుగా పెట్టారు చూడండి, అది మాత్రం మళ్లీ లోపలికి పోలేదు. కొళాయి దగ్గర ఆమె బిందె ఎప్పుడూ ఆఖరున. కూలికి పిలిచేవాళ్లు లేరు. చివరికి ఆ మనిషి బళ్లారి వైపు పోయింది, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మందు జబ్బును కుదిర్చింది, ఊరిని కుదర్చలేదు.

కృపాకుమారి సంగతి ఇంకా చెడ్డది. ఆమె తిరిగేదే ఇళ్లిళ్లకూ. అందులోనూ కింది వీధి మనిషి. పంచాయతీలో మాట చెల్లే బయ్యన్న వాళ్ల పెద్దింట్లో మొదట్లో గేటు దగ్గర నిలబెట్టి మాట్లాడేవాళ్లు. కాన్పులు చేయించి, పురిటి జ్వరాలకు పరుగులు తీసి, అరుగు ఎక్కడానికి ఆరేళ్లు, గడప దాటడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఇప్పుడు బయ్యన్న కూతురు పద్మప్రియ ధర్మవరం నుంచి కాన్పుకు వచ్చి ఉంది. తొమ్మిదో నెల. లోపలి గదిలోకి పోయి చూడాల్సిన కృపాకుమారి పది రోజులుగా ఏదో సాకు చెప్పి, మాత్రలు అరుగు మీదే పెట్టి వచ్చేస్తోంది. దగ్గుతో ఆ గదిలోకి పోవడానికి మనసొప్పదు. పోలేనని చెప్పడానికి నోరు రాదు.

ఇది చాలదన్నట్టు ఆ వారమే డాక్టరమ్మ ఒక సర్వే అంటగట్టింది. దగ్గు, జలుబు వంటివి వచ్చినప్పుడు ఏం చేయాలో మీకు ఎలా చెబితే ఇష్టం అని ఇరవై ఇళ్లలో అడిగి ట్యాబులో నొక్కాలి. కాగితమా, ఫోను మెసేజా, మైకా, మనిషి వచ్చి చెప్పడమా? ఎర్రప్పను అడిగితే "సూదిలో పెట్టి ఇస్తే వింటా" అన్నాడు. మారెక్క "నాకు చెప్తే ఏం లాభం? ఉడుకునీళ్లు కాంచి ఇయ్యాల్సింది మా కోడలు, దానికి చెప్పు" అంది. ఫోను మెసేజీ అయితే బాగుంటుందని ఓబిలేష్ చెప్పాడు గాని, చూస్తే ఆ ఫోనులో చదవని మెసేజీలు నాలుగువందలున్నాయి. మిగిలినవాళ్లందరిదీ ఒకటే మాట: "నువ్వు చెప్తే చాలు కృపమ్మా. నువ్వైతే అబద్ధం చెప్పవు." ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకు లవంగం చేదెక్కింది.

ఆఖరి ఇల్లు బయ్యన్నది.

వాకిట్లో గోనెపట్టా మీద కూర్చొని బయ్యన్న తల్లి బయమ్మ కాయ తుంచుతోంది. డెబ్బై దాటిన మనిషి. మనవరాలు పద్మప్రియ గడపలో చాప మీద కాళ్లు చాపుకొని కూర్చుంది. బయ్యన్న కుర్చీలో ఫోను చూసుకుంటున్నాడు. కృపాకుమారి నాలుగడుగుల దూరంలో, మాస్కు సర్దుకొని, ట్యాబు తీసింది.

"అవ్వా, డాక్టరమ్మ ఒక మాట అడగమన్యాది. దగ్గు, జలుబు వస్తే ఏం చెయ్యాలనేది నీకు ఎట్ల చెప్తే బాగుంటాది? కాగితంలోనా, ఫోన్లోనా, మైకులోనా, మనిషొచ్చి చెప్తేనా?"

"మైకు బాగుండాది" అంది బయమ్మ. "నీ గొంతు ఇనపడితే చెత్త ఎయ్యల్లని జ్ఞాపకమొస్తాది."

బయ్యన్న పకపకా నవ్వాడు.

"అది కాదవ్వా. దాంట్లో చెప్పింది చేస్తివా? నీ దగ్గుకు నెల దాటినాది. రెండుతూర్లు డబ్బీ ఇచ్చిపోతి."

"డబ్బీ శానా బాగుండాది." బయమ్మ సంచిలోంచి తీసి చూపించింది. కఫం పట్టమని ఇచ్చిన డబ్బీలో తెల్లగా, నిండుగా సున్నం! ఆకుల్లోకి సున్నం పెట్టుకోవడానికి అంత గట్టిమూత డబ్బీ రాయదుర్గం సంతలో కూడా దొరకదట. రెండోదాన్ని పక్కింటి పెద్దక్క ముచ్చటపడి అడిగితే ఇచ్చేసిందట.

"ఇది దుమ్ము దగ్గులే పిల్లా" అని, ఆ మాట మీదే బయమ్మ ఒక నిమిషం దగ్గింది. పద్మప్రియ ముఖం అటు తిప్పుకుంది.

"దుమ్మో కాదో పరీక్ష చేస్తే తెలుస్తాది గదవ్వా. రేపో మాపో ఆ రూములోకి పసిబిడ్డ వస్తాది."

"చెప్తావులే. చెప్పేవాళ్లకేం కరువు? మా అమ్మ మాకు కషాయం పోసేటప్పుడు ముందు తాను ఒక గుక్క తాగుతాండె. మొగం చిట్లీకుండా తాగి, మల్ల మాకు పోస్తాండె. అప్పుడు తాగుతాంటిమి. నీ దాంట్లో అట్లాంటిది ఉండాదేమో చూడు."

"లేదవ్వా."

"అయితే రాయించుకో. చేసి చూపిస్తే చేస్తా. నువ్వొక డబ్బీలో ఉమ్ము, నేనొక డబ్బీలో ఉమ్ముతా. నువ్వెట్ల చేస్తే నేనట్ల."

బయ్యన్న కుర్చీలోంచి ముందుకు వంగాడు. "అదేమంత పని కృపమ్మా? ఉమ్మేయ్, పోతాది. ఈమెతో పరీక్ష చేయించేది నా వల్ల కాలేదు. పాపా మా అమ్మా ఒకే రూములో పండుకుంటాండారు, నాకు అదే భయం."

ముందు నుయ్యి, వెనక గొయ్యి అని ఊరికే అన్నారా! వద్దంటే ఎందుకు వద్దని అడుగుతారు. సరేనంటే, పంతొమ్మిది రోజులుగా లోపల తొక్కిపెట్టింది ఈ వాకిట్లో అందరి ముందూ బయటపడుతుంది.

అప్పుడు ఆమెకు ఒక దారి కనబడింది. కఫానికీ ఎంగిలికీ తేడా ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. "ఒట్టి ఎంగిలి ఉమ్మితే పరీక్ష అబద్ధం చెప్తాది, గుండెల్లోంచి దగ్గి తీయల్ల" అని కొన్ని వందల మందికి చెప్పింది. అదే ఎంగిలి తను ఉమ్మితే? జబ్బు లేదని కాగితం వస్తుంది. ఊరికి అనుమానమే ఉండదు. ఆమె సంచిలోంచి రెండు డబ్బీలు తీసింది. మాస్కు కిందికి దించి, అటు తిరిగి, ఒకదాంట్లో తుపుక్కున ఉమ్మి మూత బిగించింది.

బయమ్మ కళ్లార్పకుండా చూసింది. డబ్బీ అందుకొని, అటు తిరిగి, అచ్చం అలాగే తుపుక్కున ఉమ్మి, అచ్చం అలాగే మూత బిగించింది. "ఇంతేనా? దీనికా ఇన్నాళ్లు బతిమాలితివి?" అని బోసినోటితో నవ్వింది.

కృపాకుమారి రెండు డబ్బీల మీదా పేర్లు రాసి, సంచిలో వేసుకొని గేటు దాకా వచ్చింది. గేటు గడియ మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. తన డబ్బీలో అబద్ధం ఉంటే అది తన పాపం. ముసలామె డబ్బీలో ఉన్నది కూడా అబద్ధమే, అదీ తను నేర్పిందే. ఎలా చేస్తే అలా చేస్తానంది, చేసింది. రేపు జబ్బు లేదని కాగితం వస్తుంది. బయ్యన్న నిశ్చింతగా ఉంటాడు. ఆ గదిలో, ఆ దగ్గు పక్కన, పురిటిబిడ్డను పడుకోబెడతారు.

వెనక్కి తిరిగి చూసింది. పద్మప్రియ గడపలో కూర్చొని పొట్ట మీద చెయ్యి వేసుకొని ఏదో నములుతోంది. ఈ పిల్ల పుట్టినప్పుడు కృపాకుమారి ఇంకా ఆశా కాలేదు, ఈ వాకిలి కూడా తొక్కలేదు. ఇప్పుడు ఆ పిల్ల "ఏమక్కా, ఏమన్నా మర్చిపోతివా?" అని అడిగింది.

ఎంత ఏడుపొచ్చిందో ఆమెకే తెలుసు. వెళ్లిపోవాలనిపించింది. గడియ తీస్తే చాలు, వీధి. కాని కాళ్లు ఇటే తిరిగాయి.

"మర్చిపోలేదు పాపా. తప్పు చూపిస్తి" అంది. సంచిలోంచి ఇంకో రెండు డబ్బీలు తీసింది. "నువ్వు లోపలికి పో. అన్నా, నువ్వు గూడా దూరం జరుగు. అవ్వా, ఇట్ల చూడు. ఎంగిలి కాదు. ఆరుబయట నిలబడల్ల. గట్టిగా రెండుతూర్లు ఊపిరి పీల్చి, అడుగు నుంచి దగ్గల్ల."

మాస్కు తీసేసి, గోడ వైపు తిరిగి, ఊపిరి పీల్చింది. ఇంక ఆమె చేసేదేమీ లేకపోయింది. పంతొమ్మిది రోజులు లవంగం కింద, నీళ్ల కింద, దుమ్ము అనే మాట కింద అణిగి ఉన్న దగ్గు ఒక్కసారిగా లేచింది. పోట్లు పోట్లుగా వచ్చింది. ఆమె మోకాళ్ల మీద కూలబడింది. గోడ పట్టుకుంది. ఎంతసేపటికీ ఆగలేదు. బయ్యన్న కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు ఆ దగ్గులోనూ ఆమెకు వినిపించింది. చివరికి డబ్బీ నోటికి ఆనించి, రావాల్సింది అందులో పట్టి, మూత బిగించింది.

"ఎన్ని దినాలాయ?" అంది బయమ్మ.

"పంతొమ్మిది."

"మైకులో రెండు వారాలు అంటాండావే."

కృపాకుమారి తల దించుకుంది. బయ్యన్న ముఖంలో రంగు మారింది. "ఇన్నాళ్లూ ఈ దగ్గు పెట్టుకోనా మా ఇంటికొస్తాంటివి? కడుపుతో ఉండే పిల్ల ఉండాదని తెలీదా?" అన్నాడు. ఆ కోపం అన్యాయమని ఆమె అనలేదు. అంతకంటే పెద్ద కోపం తన మీద తనకే ఉంది. "పది దినాలుగా లోపలికి రాలేదన్నా" అని మాత్రం అంది. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గనిపించింది.

బయమ్మ లేచి వచ్చి రెండో డబ్బీ తీసుకుంది. గోడ వైపు తిరిగి, రెండుసార్లు ఊపిరి పీల్చి, అడుగు నుంచి దగ్గింది.

నాలుగు రోజులకు ఫలితాలు వచ్చాయి. బయమ్మది దుమ్ము దగ్గే. కృపాకుమారిది కాదు.

డాక్టరమ్మ మందులు మొదలుపెట్టి, రెండు వారాలు ఇంట్లోంచి కదలొద్దంది. ఇల్లంటే ఒక గది, ఒక కిటికీ. రామాంజి వసారాలో పడుకుంటున్నాడు. కూతురు ప్రశాంతి రాయదుర్గం హాస్టల్లో ఉంది గనుక బతికిపోయింది. ఎవరూ చెప్పకముందే కృపాకుమారి తన లోటా, తన గిన్నె తీసి కిటికీలో పెట్టుకుంది. పెట్టాక చూసుకొని ఏడ్చింది. తిరుపాలమ్మకు ధైర్యం చెప్పిన నోరు తనకు తాను ఒక్క మాటా చెప్పుకోలేకపోయింది. చెప్పే మాట ఎంత తేలికో, దాన్ని మింగేవాడికి ఎంత బరువో పన్నెండేళ్లలో ఎన్నడూ తెలియలేదు.

మరుసటి పొద్దున ఏడైంది. బండి చప్పుడు వచ్చింది. ఇంజిను చప్పుడు, చెత్త పడే చప్పుడు. అంతే. మైకు పలకలేదు. రామాంజి వచ్చి కిటికీ అవతల నిలబడ్డాడు.

"బయ్యన్న ఆపమన్యాడు. ఆ గొంతు ఊర్లో ఇనపడకూడదంట."

మైకులోంచి జబ్బు రాదు. ఆ సంగతి బయ్యన్నకూ తెలుసు. కృపాకుమారి గోడకు తిరిగి పడుకుంది. వీధిలోకి పోవడానికి మిగిలిన ఒక్క దారీ మూసేసినట్టైంది. ఆ గదిలో దగ్గు తప్ప ఇంకేం మాట్లాడలేదు ఆమెతో. రెండో రోజూ బండి మూగగానే పోయింది. మూడో రోజూ అంతే.

నాలుగో రోజు మాత్రలు మింగి కూర్చుని ఉండగా, దూరంగా పెద్దింటి వైపు నుంచి తన గొంతు వినబడింది. మొదట చెవులను నమ్మలేదు. గొంతు మలుపు తిరిగింది, రెండో వీధి దాటింది, కింది వీధిలోకి వచ్చింది, వాళ్ల ఇంటి ముందే ఆగింది. రామాంజి బండి దిగి కిటికీ దగ్గరకు వచ్చాడు. మైకును ఆపలేదు.

"బయమ్మవ్వ చెత్త బకెట్టు పట్టుకోని బండికి అడ్డం నిలబడినాది. మైకులో ఆ పిల్ల చెప్పేదాకా చెత్త ఎయ్యను, దారి ఇయ్యను అన్యాది. బయ్యన్న అరిచినా ఇనలా. ఆ పిల్ల చేసి చూపిచ్చినాది, దాని మాటే ఇంటా అని ఒకటే పట్టు." చేతిలోది కిటికీలో పెట్టాడు. సున్నం కడిగేసిన డబ్బీ. "ఇంకొకరికి పనికొస్తాది, ఇయ్యమన్యాది."

కృపాకుమారి డబ్బీ మూత తిప్పి చూసింది. "బయ్యన్న ఏమన్యాడు?"

రామాంజి నేల చూపులు చూశాడు. "నయమైనంక గూడా నువ్వు గేటు దగ్గర నిలబడే మాట్లాడల్లంట."

పన్నెండేళ్లు. బయట మైకు తన పాటికి తాను చెప్పుకుపోతోంది. ఉడుకునీళ్లు, ఆవిరి, ఆయాసం, రెండు వారాలు. దాచిపెట్టుకోవద్దమ్మా. మీకేం కాదు.

"నేనుండాను కదా!" అంది గొంతు.

లోపల దగ్గు లేచింది. దగ్గి, ఊపిరి తీసుకొని, కిటికీలోంచి లోటా అందుకొని నీళ్లు తాగింది కృపాకుమారి.

"ఉండులే తల్లీ" అంది మైకుతో. "ఇంకెవురుండారు నాకు చెప్పేదానికి."

రామాంజి బండి ఎక్కి పక్క వీధికి పోయాడు.